బామ్మ పాత్రని మతిమరుపు పేరు చెప్పి సాగనంపుతున్నారా? ఎనిమిదింటి సీరియల్ చూసేవాళ్ళు చెప్పండి

మర్రిపాలెం కోడలు (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. రాత్రి ఎనిమిదింటి సీరియల్ చూసేవాళ్ళని ఒక మాట అడగాలని రాస్తున్నాను. తాళాల గుత్తి బామ్మ అంటే చాలు, ఇక్కడ చాలామందికి అర్థమైపోతుంది. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగా మొదలైన సీరియల్ ఇది. ఇప్పుడు ఆ అమ్మాయికే నడిచే వయసు కూతురుంది. మధ్యలో హీరో మారాడు, విలన్ జైలుకెళ్ళి వచ్చాడు, ఇల్లు చేతులు మారి మళ్ళీ వీళ్ళకే వచ్చింది. బామ్మ మాత్రం అదే మనిషి, అదే నటి, అదే ముక్కుపుడక.

సంక్రాంతి ఎపిసోడ్ల నుంచి ఆవిడ మీద ఏదో ట్రాక్ నడుపుతున్నారు, గమనించారా? మొదట వియ్యంకుడికి కాఫీ ఇచ్చారా అని రెండుసార్లు అడిగింది. అందరూ నవ్వేసి ఊరుకున్నారు. తర్వాత మనవరాలిని పట్టుకుని ఎప్పుడో చనిపోయిన కూతురి పేరు పెట్టి పిలిచింది. దానికీ పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు. మొన్న శుక్రవారం ఎపిసోడ్ చూస్తుంటే మాత్రం నా కుట్టుమిషన్ ఆగిపోయింది. నేను ఇంటి దగ్గర బ్లౌజులు కుడతాను. ఆ టైముకి టీవీ ఓ పక్క, మిషన్ ఓ పక్క నడుస్తుంటాయి.

ఆ సీన్ చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. బామ్మ బీరువా ముందు నిలబడి గుత్తిలోంచి ఒక తాళంచెవి పెట్టి తిప్పింది. పట్టలేదు. ఇంకోటి పెట్టింది. అదీ పట్టలేదు. గుత్తి మొత్తం అయ్యాక మళ్ళీ మొదటి చెవి దగ్గరికొచ్చింది. అప్పుడు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, గుత్తి బొడ్లో దోపుకుని, "నువ్వు తియ్యమ్మా, నాకు చెయ్యి తడిగా ఉంది" అని కోడలితో అంది. చెయ్యి తడిగా లేదు. మనందరికీ కనిపిస్తూనే ఉంది. మామూలుగా తలుపు తెరిచినా ముగ్గురి మొహాలు మార్చి మార్చి చూపించి ఢమఢమ మోగించే సీరియల్ కదా, అక్కడ మాత్రం ఒక్క చప్పుడు పెట్టలేదు. ఆ గుత్తి కోసం ఈ సీరియల్లో ఎన్ని కుట్రలు, ఎన్ని ఏడుపులు జరిగాయో మొదట్నుంచీ చూసినవాళ్ళకి తెలుసు. ఎవరికీ ఇవ్వని మనిషి అబద్ధం చెప్పి మరీ చేతిలో పెట్టేసింది. రాసినవాళ్ళెవరోగానీ ఇంట్లో ఇలాంటి మనిషిని చూసి ఉంటారు.

ఇప్పుడు నా ప్రశ్న. యూట్యూబ్‌లో రెండు మూడు ఛానళ్ళు "బామ్మ పాత్రకి ముగింపు" అని పెట్టాయి. నిజంగానే ఆవిడ వెళ్ళిపోతోందా? వారంలో ఇంతకుముందు కనిపించినన్ని రోజులు ఇప్పుడు కనిపించడం లేదు. ఒకవేళ వెళ్ళిపోతే ఎలా పంపిస్తారు?

నా భయం ఏమిటంటే, మన సీరియల్స్‌లో పెద్దవాళ్ళని పంపించే దారులు మనందరికీ కంఠతా వచ్చు. కాశీకి పంపించేస్తారు, లేదా ఫోటోకి దండ వేసేస్తారు. గతం మర్చిపోవడం కూడా మనకి కొత్త కాదు. తలకి దెబ్బ తగిలితే మర్చిపోతారు, పండగ స్పెషల్ ఎపిసోడ్‌లో గుడి గంట వినగానే అన్నీ గుర్తొచ్చేస్తాయి. ఈ కథని కూడా అలా చేసేస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకో చెప్తాను.

మా అత్తగారిది ఇదే పరిస్థితి. డాక్టరు అల్జీమర్స్ అన్నారు. మా మావయ్యగారు షిప్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యారు. సింధియాలో క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు. ఆయన పోయి చాలా కాలమైంది. కానీ సాయంత్రం వెలుగు తగ్గేసరికి మా అత్తయ్య తల దువ్వుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని గుమ్మంలో కూర్చుంటారు. "ఇంటికి వెళ్ళిపోదాం పద, మీ మావయ్య షిఫ్ట్ దిగే టైమైంది, అన్నం పెట్టాలి" అంటారు. మర్రిపాలెంలో ఉన్నది తన ఇల్లే, తన కొడుకు కట్టిందే. అయినా ఆ గంటలో ఆవిడకి ఇల్లంటే సింధియా ఇల్లే. అలా గాభరాపడే మనిషి ఎనిమిదింటికి సీరియల్ పాట రాగానే వచ్చి కుర్చీలో కూర్చుంటారు. కథ ఎంతవరకు అందుతుందో తెలీదు కానీ బామ్మని మాత్రం గుర్తుపడతారు. మా పక్కింటావిడ పేరు గుర్తుండదు, బామ్మ కొడుకులు కోడళ్ళ పేర్లు చెప్తారు.

శుక్రవారం ఆ తాళాల సీన్ అయ్యాక టీవీలో కోడలు గుత్తి తీసుకుంటుంటే మా అత్తయ్య గట్టిగా, "లాక్కోకండర్రా, ఆవిడ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు. ఈ మధ్య ఆవిడ నోటి వెంట అంత తడుముకోకుండా వచ్చిన మాట నేను వినలేదు.

అందుకే అడుగుతున్నాను. బామ్మ ఉంటుందా, వెళ్ళిపోతుందా? మీకేమైనా తెలిస్తే చెప్పండి. లోపలి వార్త తెలియకపోయినా ఫరవాలేదు, ఎలా ఉంటే బాగుంటుందో మీ అభిప్రాయం చెప్పండి.

డైలాగ్ కాగితం (హైదరాబాద్, సొంతూరు అనకాపల్లి)

నమస్తే మేడమ్. ఆ సీరియల్‌కి నేను పనిచెయ్యలేదు కాబట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పలేను. వేరే సీరియల్స్‌కి డైలాగులు రాశాను కాబట్టి పని ఎలా నడుస్తుందో చెప్తాను. దాన్ని బట్టి మీరే ఊహించుకోవచ్చు.

ఒక పెద్ద నటికి నెలలో ఇన్ని రోజులని డేట్స్ ఉంటాయి. ఆవిడకి ఆరోగ్యం బాలేకపోయినా, వేరే పని వచ్చినా, పొద్దున్నుంచి రాత్రి దాకా లైట్ల కింద నిలబడే ఓపిక తగ్గినా ముందు ఆ రోజులు తగ్గించమని అడుగుతారు. అప్పుడు మేనేజర్ వచ్చి రైటర్‌ని అడుగుతాడు, ఆవిడ తక్కువ రోజులు వచ్చినా కథ నడిచేలా ఏమైనా ఉందా అని. కాశీ, అమెరికా కూతురు, హాస్పిటల్, కోమా అన్నీ అక్కడి నుంచి పుట్టినవే. డేట్స్ లేక పుట్టిన కథలే ఎక్కువ, కథ కోసం డేట్స్ వదులుకునేవి తక్కువ.

మతిమరుపు ట్రాక్‌లో మాకున్న సౌకర్యం ఏమిటంటే, మనిషిని ఒక గదిలో, ఒక కుర్చీలో కూర్చోబెట్టి రెండు రోజుల్లో పదిహేను ఎపిసోడ్లకి సరిపడా సీన్లు తీసి పెట్టుకోవచ్చు. మిగతా పాత్రలు ఆవిడ గురించి మాట్లాడుకుంటాయి. ఆవిడ తెర మీద లేకపోయినా కథలో ఉంటుంది. అందుకని ఎపిసోడ్లు తగ్గినంత మాత్రాన వెళ్ళిపోతోందని అనుకోకండి. వెళ్ళకుండా ఉండటానికే ఇది పెట్టి ఉండొచ్చు కూడా.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. ప్రతి గురువారం రేటింగులు వస్తాయి. ముసలావిడ మర్చిపోవడం చూసి జనం ఛానల్ మారిస్తే రెండు మూడు వారాల్లో ట్రాక్ కట్ చేసేస్తారు. అప్పుడు మీరన్న గుడి గంట వస్తుంది. అలాంటి సీన్ ఒకటి నా చేత కూడా రాయించారు. రాసేటప్పుడు చాలా కష్టమనిపించింది.

మన దగ్గర ఈ కథ నడపడానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఈటీవీలో 'అభిషేకం' 2008లో మొదలై 2022 దాకా నడిచింది. అన్నేళ్ళపాటు ఒక మనిషి రోజూ మన ఇంట్లోకి వస్తే ఆ మొహం మీద వయసు రావడం మనమే చూస్తాం, మేకప్‌తో దాచాల్సిన పనే లేదు. సినిమాలో ముసలితనాన్ని అరగంటలో చూపించాలి. సీరియల్‌కి ఏళ్ళున్నాయి. ఇంత టైము చేతిలో ఉన్నవాళ్ళు ఒక్క ఎపిసోడ్‌లో కాశీ రైలెక్కిస్తే అది రాసేవాళ్ళ చేతకానితనమే.

లీడ్స్‌లో గాజువాక

అక్కా, మీ పోస్ట్ చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది గాజువాక. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, పెద్దవాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. నా డ్యూటీలో ఎక్కువమంది మీ అత్తగారిలాంటి వాళ్ళే. వాళ్ళతో కూర్చుని ఇక్కడి సీరియల్స్ చూడటం నా పనిలో భాగం. ఇక్కడివాళ్ళు ఇదే కథని ఎలా నడిపారో చెప్తాను, మీకు పనికొస్తుంది.

ఈ లీడ్స్‌లోనే తీసే సీరియల్ ఒకటుంది, 'ఎమర్‌డేల్'. 1972లో మొదలైంది, ఇంకా నడుస్తోంది. అందులో ఆష్లీ థామస్ అని ఊరి చర్చిలో పాస్టర్. జాన్ మిడిల్టన్ అనే నటుడు 1996 నుంచి ఆ పాత్ర వేశాడు. ఆ పాస్టర్‌కి వాస్క్యులర్ డిమెన్షియా వచ్చినట్టు కథ రాశారు. డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లగా పోయే జబ్బు, అల్జీమర్స్ కూడా అందులో ఒక రకమే. ఇది మెదడులో రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకం. ఇక్కడి అల్జీమర్స్ సొసైటీని అడిగి రాశారు. 2016 డిసెంబర్‌లో ఒక ఎపిసోడ్ మొత్తం ఆయన కళ్ళతో చూపించారు. అందులో మనకి ఏళ్ళ తరబడి తెలిసిన పాత్రల్ని వేరే నటుల చేత వేయించారు. తెలిసిన ఇల్లు, తెలిసిన ఊరు, కానీ ఎదురొచ్చిన మనిషి ఎవరో తెలియదు. చూసేవాళ్ళకి అప్పుడు అర్థమైంది, ఆయన రోజూ దేనిలో బతుకుతున్నాడో. నేను ఇక్కడికొచ్చాక చూశాను. మా ట్రైనింగ్‌లో చెప్పిన పాఠాలకంటే అది బాగా ఎక్కింది నాకు. ఆ పాత్ర 2017 ఏప్రిల్‌లో చనిపోతుంది. ఎక్కడికో పంపించెయ్యలేదు, ఎవరూ నయం చెయ్యలేదు. ఇంట్లోవాళ్ళ మధ్యే, కొంచెం కొంచెంగా జరిగింది.

ఇంకొకటి 'కారొనేషన్ స్ట్రీట్'. అది 1960 నుంచి నడుస్తోంది. అందులో మైక్ బాల్డ్విన్ అని ఫ్యాక్టరీ ఓనర్. జానీ బ్రిగ్స్ 1976 నుంచి 2006 దాకా ఆ వేషం వేశాడు. మంచి పొగరున్న మనిషి. చివరికి అల్జీమర్స్ వస్తుంది. చనిపోయేటప్పుడు ఎవరి చేతుల్లో పోతాడో తెలుసా? ఏళ్ళ తరబడి పగవాడైన కెన్ బార్లో చేతుల్లో. 1983లో కెన్ భార్య డియర్డ్రీతో ఈ మైక్‌కి సంబంధం నడిచింది. ఆవిడ చివరికి భర్త దగ్గరే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు దాటాక మైక్‌కి మిగతావన్నీ పోయి అదొక్కటే మిగిలింది. ఆవిడ నన్నే ప్రేమిస్తోంది, నాదే గెలుపు అని కెన్ మొహం మీదే అంటూ పోతాడు. ఆయన లెక్కలో అది నిన్నో మొన్నో జరిగిన సంగతి. 1983లో ఆ ఎపిసోడ్లు చూసినవాళ్ళు 2006లో కూడా టీవీ ముందే ఉన్నారు కదా, వాళ్ళకి ఎవరూ ఏమీ విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. మీ సీరియల్లో బామ్మ ఎప్పుడో చనిపోయిన కూతురి పేరు పిలిచిందన్నారు చూడండి, అదీ ఇలాంటిదే. ఆ కూతురు పోయిన ఎపిసోడ్ మీకు గుర్తుంది. బామ్మకి లేదు. పాత్ర మర్చిపోయినవి చూసేవాళ్ళ దగ్గర భద్రంగా ఉంటాయి. ఇన్నేళ్ళు నడిచిన సీరియల్ తప్ప ఇంకేదీ ఇలా చెయ్యలేదు.

కొత్తగా అంటే ఆస్ట్రేలియాలో 'హోమ్ అండ్ అవే' సీరియల్. అందులో ఐరీన్ పాత్ర వేసిన లిన్ మెక్‌గ్రాంజర్ ముప్పై ఏళ్ళకి పైగా చేసి 2025లో అల్జీమర్స్ కథతోనే బయటికొచ్చారు. అదే ఏడాది అక్కడి టీవీ అవార్డుల్లో పెద్దదైన గోల్డ్ లోగీ ఆవిడకే వచ్చింది. కాబట్టి నటి వెళ్ళిపోవడం, ఆ జబ్బుని నిజాయితీగా చూపించడం రెండూ ఒకేసారి జరగొచ్చు. వెళ్ళిపోతోందన్న వార్త నిజమైనా మీరు అప్పుడే ఆశ వదులుకోకండి.

ఒక్కటి మాత్రం బాధపడుతూ చెప్తున్నాను. 'ఈస్ట్‌ఎండర్స్' సీరియల్లో పెగీ మిచెల్ వేషం వేసిన బార్బరా విండ్సర్ గారికి నిజ జీవితంలోనే అల్జీమర్స్ వచ్చింది. 2014లో తెలిసింది, 2018లో ఆమె భర్త బయటపెట్టారు, 2020 డిసెంబర్‌లో ఆమె పోయారు. ఆ మధ్యలో 2016లో వచ్చి తన పాత్రని ముగించి వెళ్ళారు. అంటే డైలాగులు గుర్తుపెట్టుకోవడం కష్టమవుతున్న రోజుల్లో కూడా కెమెరా ముందు నిలబడ్డారు. అందుకే ఒక పెద్ద నటి ఎపిసోడ్లు తగ్గాయంటే యూట్యూబ్‌లో ఏదో ఒకటి పెట్టేసేవాళ్ళంటే నాకు కోపం. వెనకాల ఏముందో మనకి తెలియదు.

రాత్రి వంట అయ్యాక (సీతమ్మధార)

నా అభిప్రాయం వేరు, ఏమీ అనుకోకండి. మా అమ్మ ఇలాగే పోయింది. చివరి రోజుల్లో నన్ను చూసి "మీరెవరమ్మా, అన్నం తిన్నారా" అని మర్యాదగా అడిగేది. పగలంతా ఆఫీసు, ఇంటికొస్తే వంట, అది అయ్యాక దొరికే అరగంట ఈ సీరియల్. అందులో కూడా అదే చూడాలంటే నా వల్ల కాదు. శుక్రవారం సీన్ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. బామ్మకి గౌరవంగా దండ వేసి పంపించేస్తే నేను దణ్ణం పెట్టుకుంటాను. మెల్లగా చూపించడం గొప్పే కావచ్చు, కానీ చూసినవాళ్ళకి రెండోసారి చూపించడం న్యాయం కాదు.

మర్రిపాలెం కోడలు

సీతమ్మధార అక్కా, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు లేచి వెళ్ళిపోవడంలో తప్పేముంది? మీకు అయిపోయింది, నాకు ఇప్పుడు నడుస్తోంది. అందుకే నేను చూడగలుగుతున్నానేమో. నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు ఇది ఎలా నడుస్తుందో. బంధువులొచ్చి "వయసు కదా, మామూలే" అనేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ ఆవిడకి వినబడేలా "ఈవిడకి ఏమీ తెలియట్లేదు" అనేవాళ్ళు. ఆ ఎనిమిదింటి అరగంటలో మా వీధి మొత్తం అదే టీవీ పెట్టుకుని ఉంటుంది. అక్కడ సరిగ్గా చూపిస్తే రేపు మా ఇంటికొచ్చే వాళ్ళకి ఎలా మాట్లాడాలో కొంతైనా తెలుస్తుంది. నేను పోరేది దాని కోసమే. మీరు మాత్రం ఆ సీన్లు వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళండి, తర్వాత కథ నేను చెప్తాను.

గాజువాక తమ్ముడో చెల్లెమ్మో తెలియదు కానీ, ఆ పాస్టర్ ఎపిసోడ్ సంగతి చెప్పి చాలా మంచిపని చేశావు. మా అత్తయ్య గుమ్మంలో కూర్చుని నావైపు చూసే చూపు ఇప్పుడు ఇంకోలా అర్థమవుతోంది.

చినవాల్తేరు సిస్టర్

నేను స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సీరియల్ సంగతి మీరంతా చూసుకోండి, నేను రెండు మూడు విషయాలు చెప్పి వెళ్తాను. ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో పెద్దవాళ్ళున్నారు.

బామ్మని సీరియల్లో ఇంతవరకు ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు కదా? నాకు అది పెద్ద లోటుగా అనిపిస్తోంది. మతిమరుపు అనగానే అల్జీమర్స్ అనేసుకోకూడదు. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, మనసులో దిగులు పట్టుకున్నా పెద్దవాళ్ళు మర్చిపోతారు. ఎప్పుడో జారిపడి తలకి చిన్న దెబ్బ తగిలితే లోపల మెల్లగా రక్తం చేరుతుంది, దానివల్ల కూడా అవుతుంది. వీటికి వైద్యం ఉంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో తికమకపడి మాట్లాడితే అది అసలే వేరు. యూరిన్ ఇన్ఫెక్షనో, ఒంట్లో సోడియం తగ్గడమో అయ్యుండొచ్చు. వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. అల్జీమర్స్ అలా ఒక్కరోజులో రాదు. నెలలూ సంవత్సరాలూ పడుతుంది. కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి చివరిదాకా ఉంటాయి. మీ అత్తగారికి షిప్‌యార్డ్ షిఫ్ట్ టైము గుర్తుండి పక్కింటావిడ పేరు గుర్తుండకపోవడం అందుకే. సాయంత్రం పూట గాభరా ఎక్కువవడం కూడా ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. ఆ టైముకి ముందే ఇంట్లో లైట్లన్నీ వేసేయండి, చీకటి పడేదాకా ఆగొద్దు. ఏదో ఒక పని చేతికివ్వండి.

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. అంటే నూటికి ఏడుగురి పైనే. ఇంతమంది ఉండి కూడా వీధిలో ఒక్కరి గురించైనా మనం బయటికి మాట్లాడుకోం. పిచ్చి అంటారేమోనన్న భయం. మన విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్)లో నరాల జబ్బులు చూసే న్యూరాలజీ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్తే పరువు పోతుందని ఆలస్యం చేసేవాళ్ళని సర్వీసంతా చూశాను. వెళ్ళలేనివాళ్ళు 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది టెలి మానస్, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, ఏ వేళకైనా ఉచితమే. పెద్దవాళ్ళ సమస్యలకి 14567 ఉంది.

ఇంట్లో ఇలాంటివాళ్ళని చూసుకునేవాళ్ళకి ఒకటి చెప్తాను. పరీక్ష పెట్టొద్దు. "నేనెవరో చెప్పు, ఇవాళ ఏ వారమో చెప్పు" అని అడగొద్దు. గుర్తు లేదని తెలిసినప్పుడు ఆ మనిషి పడే సిగ్గు మనకి కనపడదు. బామ్మ చెయ్యి తడిగా ఉందని అబద్ధమాడింది చూశారా, సరిగ్గా అదే. నా సర్వీసులో చూసిన పెద్దవాళ్ళంతా మొదట్లో ఇలా ఏదో ఒక సాకు చెప్పి దాచుకున్నవాళ్ళే. కళ్ళజోడు లేదనేవారు, లైటు చాలట్లేదనేవారు. ఆ సీన్ రాసినవాళ్ళకి నా నమస్కారం.

మర్రిపాలెం అమ్మాయ్, నువ్వు కుట్టుపని చేస్తానన్నావు. మీ అత్తగారి బ్లౌజులన్నిటికీ మెడ వెనక లోపలివైపు మీ ఫోన్ నంబర్ దారంతో కుట్టెయ్యి. మెడలో కార్డు వేస్తే తీసి పారేస్తారు. సింధియా వెళ్ళాలని రోజూ అనుకునే మనిషి ఒకరోజు గేటు దాటేస్తారు. అప్పుడు ఆ నంబరే దారి చూపిస్తుంది.

డైలాగ్ కాగితం

సిస్టర్ గారూ, మీరు చెప్పిన కళ్ళజోడు, లైటు మాటలు నోట్ చేసుకున్నాను. మీరు అనుమతిస్తే వాడుకుంటాను.

మర్రిపాలెం మేడమ్, మీరు ఇక్కడ రాసింది కొంచెం తగ్గించి ఛానల్‌కి రాయండి. జనం ఫోన్ చేసి తిడితే వింటారు, బాగుందని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే మంచి సీన్ రాసినవాడికి మళ్ళీ అలాంటిది రాసే ధైర్యం ఉండదు. "గుత్తి సీన్‌లో మ్యూజిక్ లేకపోవడం బాగుంది" అన్న ఒక్క ముక్క మీటింగ్‌లో ఎవరైనా చదివినా ఆ రైటర్ చేతికి బలం వస్తుంది.

మర్రిపాలెం కోడలు

సిస్టర్ గారూ, చెప్పినట్టే చేశాను. ఎర్ర దారంతో గొలుసుకుట్టు వేశాను, గుచ్చుకోకుండా వెనకాల మెత్తటి లైనింగ్ ముక్క పెట్టాను. అత్తయ్య తడిమి చూసి "ఏటిది, నంబరా, రేషన్‌దా" అని అడిగారు. ఇంటి నంబరన్నాను. సరే అన్నారు. సాయంత్రం ఐదింటికే లైట్లు వేసి బియ్యం చేట చేతికిస్తున్నాను. రాళ్ళు లేని బియ్యమే, అయినా ఏరుతున్నారు. రెండు రోజులుగా గుమ్మంలోకి వెళ్ళడం కాస్త ఆలస్యమైంది.

ఛానల్‌కి రాశాను. ఏం రాశానో ఇక్కడ పెడుతున్నాను, మీలో ఎవరైనా రాస్తే ఇందులోంచి తీసుకోవచ్చు.

"అయ్యా, బామ్మగారి నటికి ఆరోగ్యమో, వేరే పనో, ఏ కారణంతోనైనా వెళ్ళాల్సొస్తే వెళ్ళనివ్వండి, మేము అర్థం చేసుకుంటాం. కానీ దెబ్బ తగిలి గుర్తొచ్చినట్టు చెయ్యకండి. మా ఇళ్ళల్లో అలా ఎవరికీ గుర్తు రాలేదు. అది చూసి గుడిచుట్టూ, స్వాముల చుట్టూ తిరిగి డబ్బులు పోగొట్టుకునేవాళ్ళున్నారు. కాశీలో వదిలేసి రాకండి. ఆ ఇంట్లోనే ఉంచండి. ఆవిడ తెర మీద లేకపోయినా ఆవిడ గదిలోంచి దగ్గు వినిపించినా చాలు, కోడలు కంచం పట్టుకుని లోపలికెళ్ళినా చాలు. ఒక్కసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, రక్తపరీక్ష చేయించినట్టు చూపించండి. తాళాల గుత్తి ఆవిడ బొడ్లోనే ఉండనివ్వండి. బీరువాకి వేరే తాళం చేయించుకోవచ్చు. తాళాల సీన్‌లో చప్పుడు లేకుండా చూపించినవాళ్ళకి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు."

సోమవారం ఎపిసోడ్ ప్రోమోలో పెద్దకొడుకు చేతిలో రైలు టికెట్లు కనిపించాయి. ఎక్కడికో చూపించలేదు, నాకు అదే టెన్షన్‌గా ఉంది. చూశాక ఇక్కడే రాస్తాను. సీతమ్మధార అక్కా, మీరు చూడొద్దు, నేను రాసేదాకా ఆగండి.